నా పన్ను ఎవరు బాగుచేశారంటే

ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు నా నోట్లోనే ఉంది. పై వరసలో, సరిగ్గా ముందు. తూచితే బియ్యపు గింజంత కూడా తూగదు. అయినా దాన్ని మోయలేక అలిసిపోయాను. అన్నం తింటూ మోశాను, పాటలు పాడుతూ మోశాను, మోకాళ్ల మీద ఉండి మోశాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు ఇంత వివరంగా చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. ఇందులో ఉన్నవాళ్ల పేర్లు మార్చాను, ముఖ్యంగా ఒక అమ్మాయిది. నా వల్ల ఆ అమ్మాయికి జరిగింది చాలు.

మాది కోడూరు దగ్గర ఒక ఊరు. మా ఆయన రొయ్యల చెరువుల మీద మేత వేసే పనికి వెళ్తారు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. వానాకాలం వచ్చిందంటే మంచం దిగేదాన్ని కాదు. బడికి పంపడానికి భయపడి అమ్మే ఇంట్లో అక్షరాలు దిద్దించింది. మా ఇంట్లో ఉన్న పుస్తకం బైబిలు ఒక్కటే, నా చదువంతా దాని మీదే సాగింది. చదువుతోపాటు అమ్మ ఇంకొకటి కూడా నేర్పింది. ఏది దొరికినా ముందు స్తోత్రం చెప్పాలి. పోయిన కరెంటు వస్తే స్తోత్రం. బస్సులో సీటు దొరికితే స్తోత్రం. ఆ అలవాటు నాకు ఇప్పటికీ ఉంది. దాని మీద నాకు కోపం లేదు. ఆ అలవాటును అడ్డం పెట్టుకుని నేను చేసిన పని మీదే నా కోపమంతా.

పన్ను విరిగింది బోరింగు దగ్గర. పెళ్లైన కొత్తల్లో నీళ్లు కొడుతుంటే తడి చేతిలోంచి బోరింగు చెయ్యి జారి, పైకి లేచి నోటికి తగిలింది. ముందు పన్ను ఐమూలగా సగం పోయింది. నొప్పి కొన్నాళ్లకు తగ్గింది. మిగిలిన ముక్క మాత్రం అలాగే ఉండిపోయింది. నవ్వితే చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వెళ్లేది. అది చూసి మా సంఘంలో పెద్దవాళ్లు, “ఎంత అణకువ గల పిల్లో” అనేవారు. ఆదివారాలు పిల్లలకు పాటలు నేర్పేదాన్ని. ‘స’ అన్నప్పుడల్లా పంటి సందులోంచి ఈల వచ్చేది. పిల్లలు కూడా అచ్చం అలాగే ఈలతో పాడేవారు, పాట అంటే అలాగే పాడాలనుకుని. నేనూ వాళ్లతో కలిసి నవ్వేదాన్ని. ఇంటికి వచ్చాక ఏడ్చేదాన్ని.

ఇక్కడ మా సంఘం సంగతి కొంచెం చెప్పాలి. మా ఆడవాళ్లు నగలు పెట్టుకోరు. చెవులకు, ముక్కుకు, చేతులకు ఏమీ ఉండవు. పూలు కూడా పెట్టుకోరు. నాకు అదెప్పుడూ కష్టమనిపించలేదు, పుట్టినప్పటి నుంచి అలవాటే. కానీ ఒకసారి ఒక అమ్మాయి అవనిగడ్డ వెళ్లి కనుబొమలు తీయించుకుని వచ్చింది. మా పాస్టరు అయ్యగారు ఆ అమ్మాయిని కొన్నాళ్లు బల్లకు దూరంగా ఉంచారు. బల్ల అంటే, ఆదివారం అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకుంటాం కదా, అది. తప్పు చేసినవాళ్లు వెనక కూర్చోవాలి. రొట్టె పళ్లెం తమ ముందు నుంచి పక్కవాళ్ల చేతుల్లోకి వెళ్తుంటే చూస్తూ ఉండాలి. ఆ అమ్మాయి ముఖం నేను చూశాను. దేవుడు ఇచ్చిన ముఖాన్ని దిద్దుకోవడం తప్పని ఆ రోజు అయ్యగారు చెప్పిన మాట నా మనసులో నాటుకుపోయింది.

మా చెల్లెలు గుడివాడలో ఉంటుంది. దానికి ఈ భయాలు లేవు. “అక్కా, ఇంట్లో కిటికీ అద్దం పగిలితే మార్పించుకోవా? ఇదీ అంతే. సోకు ఎట్టా అవుద్ది?” అని పోరు పెట్టింది. ఎన్నోసార్లు వద్దన్నాను. ఒకసారి కాదనలేకపోయాను. మా ఆయనతో చెల్లెలిని చూసి వస్తానని చెప్పి బయల్దేరాను. అబద్ధం అక్కడే మొదలైందేమో. చెల్లెలిని చూసిన మాట నిజమే కదా అని అప్పుడు సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు ఆ సర్దుబాటు నాకు అసహ్యంగా ఉంది.

అక్కడి పళ్ల డాక్టరమ్మ నాకంటే చిన్నది. రంగు తేడాగా ఉన్న చిన్న చిన్న పలకలు నా పళ్ల పక్కన పెట్టి, ఏ తెలుపు కలుస్తుందో చూసింది. “టీ బాగా తాగుతారనుకుంటా” అంటే సిగ్గుపడ్డాను. సూది ఏమీ వెయ్యలేదు. పంటిని ఆరబెట్టి, నీలం రంగు మందు పూసి కడిగింది. మళ్లీ ఆరబెట్టింది. మైనంలా మెత్తగా ఉన్నదేదో కొద్దికొద్దిగా పెడుతూ, పెట్టినప్పుడల్లా నీలం లైటు పట్టి గట్టిపరిచింది. దీన్ని బాండింగ్ అంటారట. ఆ కుర్చీలో ఉన్నంతసేపూ కళ్లు మూసుకుని ప్రార్థన చేశాను. తర్వాత అంచులు అరగదీసి, మెరుగు పెట్టి, అద్దం చేతికిచ్చింది.

అద్దంలో పన్ను నిండుగా ఉంది. ఏది నాదో, ఏది ఆవిడ పెట్టిందో నాకే తెలియలేదు. “స్తోత్రం ప్రభువా” అని పైకే అనేశాను. డాక్టరమ్మ నవ్వింది. “నాకు కూడా ఒక థాంక్స్ చెప్పండమ్మా, మెడ పట్టేసింది” అంది. చెప్పాను. మనస్ఫూర్తిగానే చెప్పాను. ఆ వచ్చే ఆదివారం దాన్ని వెనక్కి లాగేసుకున్నాను.

ఇది శాశ్వతం కాదని ఆవిడ ముందే చెప్పింది. కొన్నేళ్లకు రంగు మారుతుంది, అంచు విరగొచ్చు, పీత కాళ్లూ చెరుకూ ఆ పంటితో కొరకొద్దు అంది. పీత కాళ్లు కొరకకుండా దివిసీమలో ఎలా బతకాలమ్మా అని మా చెల్లెలంటే అందరం నవ్వుకున్నాం. ఆ నవ్వు నాకు బాగా గుర్తు. పన్ను విరిగాక చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నేను నవ్విన మొదటి నవ్వు అది.

ఆదివారం ముసుగు బాగా ముందుకు లాక్కుని, ఏమీ మాట్లాడకూడదని అనుకుని వెళ్లాను. కానీ పాట పాడాలి కదా. పక్కన కూర్చున్న మామ్మగారు పాట మధ్యలో ఆగిపోయి నా నోటి వంక చూశారు. “ఒసే, నీ పన్నేది? విరిగిన పన్నేదే?” అని గట్టిగా అన్నారు. చాపల మీద ఉన్న ఆడవాళ్లందరూ తిరిగారు. “ఏం చేశావే?” అన్నారు మామ్మగారు.

“ప్రార్థన చేశానండీ” అన్నాను.

ఆ మాట దగ్గర ఆగి ఉంటే నేను ఈవేళ మీకు ఇదంతా రాసేదాన్ని కాదు. అది కూడా ఎగవేతే, అయినా ఎలాగోలా సరిదిద్దుకునేదాన్నేమో. కానీ అందరూ స్తోత్రం స్తోత్రం అన్నారు. అయ్యగారు వచ్చి చూశారు. ఆయన కళ్లలో నీళ్లు. లేచి సాక్ష్యం చెప్పమన్నారు. మా దగ్గర దేవుడు చేసిన మేలును అందరి ముందూ నిలబడి చెప్పడం అలవాటు. నిలబడ్డాను. ఎదురుగా, కనుబొమలు తీయించుకున్న ఆ అమ్మాయి కూర్చుని ఉంది. నేను అన్నాను: “రాత్రి ప్రార్థన చేసి పడుకున్నాను. తెల్లారి లేచేసరికి పన్ను నిండుగా ఉంది.”

ఎవరు అనిపించారు నా చేత ఆ మాట? ఎవరూ అనిపించలేదు. భయపడ్డాను, నిజమే. ఒక్క భయమే అయితే నోరు మూసుకునేదాన్ని. వాళ్లందరూ నన్ను చూస్తున్న చూపు నాకు నచ్చింది. బడి ముఖం చూడనిదాన్ని, ఉబ్బసం పిల్లని, నవ్వితే నోరు మూసుకునేదాన్ని. దేవుడు నన్ను ప్రత్యేకంగా చూశాడని మిగతావాళ్లు అనుకుంటుంటే ఎంత హాయిగా ఉందో! ఆ హాయి కోసం డాక్టరమ్మ చేతి పనిని దొంగిలించాను. దేవుడు చెయ్యని పనిని ఆయన పేర రాశాను. ఆయన ఆ చేతుల ద్వారానే మేలు చేశాడని చెప్పి ఉంటే సరిపోయేది. అదే నిజం కూడా. నిజంతోనే స్తోత్రం చెప్పగలిగినదాన్ని అబద్ధంతో ఎందుకు చెప్పాను?

ఎవరో నా పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి వాట్సాప్‌లో పంపారు. ముసుగులో ముఖం, పంటి చుట్టూ ఎర్ర గీత. అది ఊళ్లు తిరిగింది. కొబ్బరినూనె సీసాలు పట్టుకుని, ప్రార్థన చేసి ఇమ్మని జనం రావడం మొదలుపెట్టారు. జ్వరాలకు, తలనొప్పులకు ప్రార్థన చేశాను. అవి తగ్గేవే, తగ్గాయి.

అప్పుడు నాంచారమ్మ వచ్చింది.

నాంచారమ్మ మాకు చేపలు తెచ్చే ఆవిడ. సముద్రం వైపు వాళ్ల ఊరు. ఆవిడ భర్త వేటకు వెళ్తాడు. మా సంఘానికి చెందిన మనిషి కాదు, వాళ్లు హిందువులు. ఆ రోజు చేపల గంప లేకుండా, కూతురు దుర్గ చెయ్యి పట్టుకుని వచ్చింది. దుర్గ అప్పుడు చిన్న బడిలో చదువుతోంది. ఒక పక్క దవడ కింద నిమ్మకాయంత వాపు. నాంచారమ్మ కొంగులో చిన్న నూనె సీసా.

“అమ్మగారూ, ఏదీ, ఒకసారి నవ్వండి” అంది ముందు. నవ్వాను. చేప మొప్ప ఎత్తి చూసినంత దగ్గరగా వంగి చూసింది. “నిజమే! మా వీధిలో అంతా ఉత్తదన్నారు” అంది. తర్వాత కూతుర్ని ముందుకు తోసింది. “దీనికి పుచ్చు పన్ను. లవంగం పెట్టాను, ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాను. వాపు దిగలా. మోపిదేవి స్వామికి మొక్కుకున్నా. మీ ప్రభువుని కూడా ఓ మాట అడుగుదామని వచ్చా.”

“డాక్టరుకి చూపించలేదా?”

“చూపించాలంటారా? దాని నాన్న వేట నుంచి వచ్చాక బందరు తీసుకెళ్దామనుకున్నాం. ఇదేమో సూదంటే చాలు, ఇల్లు ఎగరగొట్టేస్తంది.” నన్ను సూటిగా చూసి అడిగింది. “మీరెళ్లారా అమ్మగారూ, డాక్టరు దగ్గరికి?”

“లేదు” అన్నాను.

“మరింకేం! మీకు చేసిన దేవుడు మా పిల్లకి చెయ్యడా?” అని సీసా నా చేతిలో పెట్టింది.

ఆ పిల్ల నా పన్ను వంకే చూస్తోంది. “నొప్పి పుట్టలేదా ఆంటీ?” అంది. లేదమ్మా అన్నాను. ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే.

ఆ ‘లేదు’ అనడానికి ముందు ఉన్న క్షణాన్ని ఎన్నిసార్లు తిరిగి తలచుకున్నానో. గుడివాడ వీధి కళ్ల ముందే ఉంది. ఆ మెట్లు, డాక్టరమ్మ చేతులు, అన్నీ ఉన్నాయి. వెళ్లాను, నువ్వూ వెళ్లు, ఇవాళే వెళ్లు అనాలి. అంటే పిల్ల బాగుపడుతుంది, నేను బల్లకు దూరమవుతాను. తూకం అంత స్పష్టంగా ఉంది. అయినా అనలేదు. నూనె మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. ప్రభువా, ఈ పిల్లను బాగుచెయ్యి, నన్ను బయటపెట్టకు అని లోపల అడిగాను. రెండూ కలిపి అడిగాను. అలాంటి ప్రార్థనను ఆయన ఏ చెవితో విని ఉంటాడు?

నాంచారమ్మ ఆ నూనె నమ్మకంగా రాసింది. భర్త వేట నుంచి వచ్చి ఆసుపత్రికి వెళ్దామన్నా, ఇంకాస్త చూద్దామంది. చివరికి నోరు తెరుచుకోక, జ్వరంతో ఒళ్లు తెలియని స్థితిలో బందరు తీసుకెళ్లారు. చీము దవడ ఎముకలోకి దిగిందన్నారు. ఆపరేషన్ చేసి ఎముకలో కొంత, దాని మీది పళ్లు తీసేశారు. పిల్ల బతికింది. బుగ్గ లోపలికి పోయి, నోరు ఒక పక్కకు లాగేసింది. వేలు పట్టినంతే తెరుచుకుంటుంది. ఇప్పుడు అవనిగడ్డలో ఇంటరు చదువుతోంది. కరోనా పోయి ఇంతకాలమైనా ఆ పిల్ల మాస్కు తియ్యదు. టిఫిను కూడా అందరితో కలిసి తినదట.

నాంచారమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక మా గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. “నాదే తప్పమ్మగారూ. రెండు పడవల మీద కాళ్లు పెట్టా. ఒక దేవుణ్ణి నమ్మి ఊరుకోకుండా ఇద్దర్నీ అడిగా. ఇద్దరికీ కోపమొచ్చింది” అంది. మీ ప్రార్థన చెడగొట్టాను, నన్ను క్షమించండి అని నా కాళ్లు పట్టుకోబోయింది. అప్పుడైనా చెప్పాను అనుకుంటున్నారా? లేదు. ఊరుకో నాంచారమ్మా అన్నాను. ఆ తర్వాత ఆవిడ మోపిదేవి వెళ్లడం మానేసింది, స్వామికి ముఖం చూపించలేనని. మా ప్రార్థనకు రమ్మంటే, నాకా అర్హత లేదంది. పిల్ల ముఖం పోయింది, తల్లికి దేవుడే లేకుండా పోయాడు. అయినా పండుగప్ప చేప దొరికితే అందులో మంచి ముక్క మా ఇంటికే తెచ్చేది. నేను తీసుకునేదాన్ని. వండేదాన్ని. స్తోత్రం చెప్పి తినేదాన్ని.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అద్భుతానికి మరమ్మతులు కావాలి. ఆ పన్ను రంగు తిరిగితే నా సాక్ష్యం రంగు తిరుగుతుంది. అందుకని టీ మానేశాను. ఉపవాస నియమం కాబోలని అందరూ మెచ్చుకున్నారు. పీతలు మానేశాను. అయినా ఏడాదికో, రెండేళ్లకో అంచు చెదిరేది. ఒంట్లో బాగాలేదని ఇంట్లోనే ఉండి, వీలు చూసుకుని చెల్లెలింటికని గుడివాడ పరిగెత్తేదాన్ని. డాక్టరమ్మ మెరుగు పెట్టి పంపేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, పుచ్చు పన్నుతో చిన్న పిల్లకు దవడ వాస్తే ఏం చేస్తారని. ఆవిడ చేతిలో పని ఆపకుండానే, “వెంటనే తెస్తే ఏముందమ్మా, చీము తీసేసి, ఆ పన్ను తీసేసి మందులిస్తాం. చాలావరకు తగ్గిపోతుంది. ఆలస్యమైతేనే కష్టం” అంది. నా కళ్లలోంచి నీళ్లు కారితే, నొప్పి పుడుతోందా అని కంగారుపడింది.

ఈ మధ్య పెరుగన్నం తింటుంటే ఆ ముక్క ఊడిపోయింది. గట్టిదేమీ కొరకలేదు. అన్నంలో తెల్లగా ఉండి కనబడలేదు కూడా. ఎప్పటిలా గుడివాడ బస్సు ఎక్కాలి. చీర మార్చుకుని గుమ్మం దాకా వెళ్లాను. అక్కడి నుంచి వెనక్కి తిరిగాను. ధైర్యమని చెప్పను. ఇంక ఓపిక లేదు, అంతే.

మా ఆయనకు చెప్పాను. “చెల్లెలింటికి అన్నిసార్లు ఎందుకెళ్తున్నావో నాకు తెలుసు. నువ్వే చెప్తావని చూశాను” అన్నారు. అయ్యగారికి చెప్పాను. ఆయన నన్ను బల్లకు దూరంగా కూర్చోమన్నారు. కూర్చుంటున్నాను. కానీ ఇది మన మధ్యే ఉండనీ అమ్మా, బయటివాళ్లకు తెలిస్తే దేవుని నామానికి అవమానం అన్నారు. ఆయన మాట వింటున్నానని చెప్పుకుంటూ ఇంకొన్నాళ్లు గడిపాను. ఆయన మాట నాకు ఎంత వీలుగా ఉందో నాకే తెలుసు.

చివరికి నాంచారమ్మ ఊరు వెళ్లాను. ఇంటి ముందు వల పరిచి ఎండు చేపలు తిరగేస్తోంది. దుర్గ కాలేజీ నుంచి ఇంకా రాలేదు. నిలబడే చెప్పాను, గుడివాడ, డాక్టరమ్మ, నీలం లైటు, అన్నీ. డాక్టరు దగ్గరికి వెళ్లావా అని నువ్వు అడిగితే లేదన్నాను, అది అబద్ధం అని చెప్పాను. విరిగిన పన్ను చూపించాను.

ఆవిడ చేపలు తిరగెయ్యడం ఆపలేదు. ఆ వరస అంతా అయిపోయాక నడుం నిలబెట్టుకుంది.

“అయితే స్వామికి నా మీద కోపం రాలేదు” అంది.

నాతో అన్న మాట కాదది. ముఖం ఎండకేసి పెట్టి, తనలో తను అనుకుంది. “ఇద్దర్నీ అడిగినందుకు కాదు. ఇన్నేళ్లూ నేను... ఛీ.” కూర్చుండిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా వంక చూసినప్పుడు, ఆవిడ నన్ను మొదటిసారి ‘నువ్వు’ అంది.

“నువ్వెళ్లు. పిల్లొచ్చే వేళైంది. అది నిన్ను చూడకూడదు. దానికి నేను చెప్పుకుంటా.”

దుర్గకు ఇప్పుడేమైనా చేయించగలనేమో, గుడివాడలో అడిగి చూస్తాను అనబోయాను. “ఎల్లమన్నానా!” అని అరిచింది. పక్క గుమ్మాల్లోంచి మనుషులు చూశారు. వచ్చేశాను.

ఆవిడ క్షమించలేదు. క్షమించమని నేనూ అడగలేదు. అడిగితే, ఇన్నేళ్లూ చేపలు తీసుకున్నట్టే అది కూడా తీసుకున్నట్టవుతుంది. మా గుమ్మానికి ఆవిడ ఇప్పుడు రావడం లేదు. మోపిదేవి వెళ్లిందని మాత్రం ఎవరో అన్నారు. దుర్గకు చెప్పిందో లేదో తెలియదు. తెలుసుకునే హక్కు నాకు లేదు.

ఇదీ నేను చేసింది. నా పన్ను ఒక డాక్టరమ్మ బాగుచేసింది, ఆ మాట దాచడం వల్ల ఒక పిల్ల దవడ పోయింది. దాన్ని ఇలా ఒక వాక్యంలో రాయగలనని నేను అనుకోలేదు. రాశాక గుండె మీద నుంచి ఏదో కొంచెం జరిగినట్టుంది. ఈ తేలిక అంతా నాదే. దుర్గకు ఇందులో వాటా లేదు.